భుజాల మీద గాడులు పడకుండా, వీపున పైకి జరగకుండా సరిపోయే బ్రా ఎలా ఎంచుకోవాలి?

గౌతమీతీరం (రాజమహేంద్రవరం)

సభ్యులందరికీ నమస్కారం. నేను జూనియర్ కళాశాలలో రసాయనశాస్త్రం బోధిస్తున్నాను. రోజులో ఎక్కువ భాగం నిలబడి, బోర్డు మీద చెయ్యెత్తి రాయవలసిన ఉద్యోగం. రెండో కాన్పు తరువాత నుంచి 36బి బ్రాలు వాడుతున్నాను. సాయంత్రం ఇంటికి వచ్చి జాకెట్టు విప్పేసరికి స్ట్రాపులు దిగిన చోట రెండు భుజాల మీదా ఎర్రగా గాడులు పడి ఉంటున్నాయి. వెనుక బ్యాండు మధ్యాహ్నానికే పైకి జరిగి జాకెట్టు మెడ దగ్గరికి వచ్చేస్తుంది. చెయ్యెత్తినప్పుడల్లా ముందు అంచు కూడా పైకి లేస్తుంది కనుక పాఠం మధ్యలో చీర సర్దుకుంటున్నట్టుగా దాన్ని కిందికి లాక్కోవలసి వస్తున్నది. స్ట్రాపులు వదులు చేస్తే జారిపోతాయి, బిగిస్తే మెడ నుంచి భుజం దాకా నొప్పి పుడుతుంది.

టేపుతో కొలుచుకుంటే రొమ్ముల కింద పక్కటెముకల చుట్టూ 29 అంగుళాలు, రొమ్ముల మీదుగా 36 అంగుళాలు వచ్చింది. ఒక పట్టిక ప్రకారం 29కి 5 కలపాలి, అప్పుడు బ్యాండు 34, రొమ్ముల కొలత దానికంటే రెండు అంగుళాలు ఎక్కువ కనుక కప్పు బి, అంటే నాది 34బి. మరొక పట్టిక ప్రకారం 5 కలపకుండా దగ్గరి సరిసంఖ్య 30 తీసుకోవాలి, అప్పుడు తేడా ఆరు అంగుళాలు కనుక 30ఇ. ఇంతకాలం వాడుతున్న 36 ఈ రెండింటిలోనూ లేదు. ఒకే మనిషికి ఇంత దూరంగా ఉన్న కొలతలు ఎందుకు వస్తున్నాయి? ఏది నమ్మాలి? చీరకు ఒక రకం, చుడీదార్‌కు ఒక రకం విడిగా కొనుక్కోవడం అవసరమా? తెలిసినవారు వివరంగా చెప్పగలరని ఆశిస్తున్నాను.

కొలబద్ద (హైదరాబాద్)

గౌతమీతీరం గారూ, నేను కొంతకాలం లోదుస్తుల దుకాణంలో కొలతలు తీసి, సరిపోయేవి చూపించే ఉద్యోగం చేశాను. మీరు చెప్పిన ఇబ్బందులన్నిటికీ మూలం ఒక్కటే, మీ బ్యాండు వదులుగా ఉంది. బరువులో ఎక్కువ భాగాన్ని మోయవలసింది పక్కటెముకల చుట్టూ తిరిగే బ్యాండే కాని భుజాల మీది స్ట్రాపులు కావు. స్ట్రాపులు ఉన్నది కప్పు పై అంచును ఒంటికి ఆనించి ఉంచడానికి. బ్యాండు పట్టు తప్పితే ఆ బరువంతా స్ట్రాపుల మీద పడుతుంది, అవి వెనుక భాగాన్ని పైకి లాగుతాయి, ముందు భాగం కిందికి జారుతుంది. అది చూసి మనం స్ట్రాపులు ఇంకా బిగిస్తాం, వీపున బ్యాండు ఇంకా పైకి పోతుంది. అద్దం ముందు పక్కకు తిరిగి చూసుకోండి. బ్యాండు ముందూ వెనుకా ఒకే ఎత్తులో, నేలకు సమాంతరంగా ఉంటేనే అది తన పని తాను చేస్తున్నట్టు.

మీకు 36 ఎలా వచ్చిందో నేను ఊహించగలను. మన ఊళ్ళలో చాలా దుకాణాలలో బ్రా అడిగితే ‘జాకెట్టు సైజు ఎంతమ్మా?’ అని అడుగుతారు. జాకెట్టు 36 అంటే బ్రా కూడా 36 తీసి ఇస్తారు, కప్పు సంగతి అడగకుండా బి ఇస్తారు. జాకెట్టు కొలత రొమ్ముల మీదుగా తీసినది. బ్రా మీద అచ్చువేసిన అంకె బ్యాండుకు సంబంధించినది. ఈ రెండూ కలిసిపోవడం వల్లనే రొమ్ములు కొంచెం నిండుగా ఉన్న ప్రతి స్త్రీకీ బ్యాండు పెద్దదీ, కప్పు చిన్నదీ దొరుకుతున్నది. నేను చూసినంతలో ఇది అన్నిటికంటే ఎక్కువ మందిని బాధపెట్టే విషయం, అన్నిటికంటే సులభంగా సరిదిద్దుకోగలిగిన విషయం కూడా.

ఇక రెండు పట్టికల మాట. కప్పులకు ఎ, బి, సి, డి అని అక్షరాలు పెట్టడం 1930లలో అమెరికాలో మొదలైంది. అప్పుడు ఉన్నవి ఆ నాలుగే. నాలుగైదు అంగుళాలు కలిపే పద్ధతి కూడా పాతదే. కొన్ని కంపెనీలు ఇప్పటికీ ఆ లెక్కతోనే కుడతాయి, కొన్ని అసలు కొలతకు దగ్గరగా కుడతాయి. చీటీ మీద 34 పక్కన 75 అని కూడా రాసి ఉండడం మీరు చూసే ఉంటారు. అది సెంటీమీటర్ల లెక్క, అంగుళాలలోకి మారిస్తే ఇరవై తొమ్మిదిన్నర. అంటే ఆ 34 అనే అంకె పక్కటెముకల అంగుళాలు కాదన్నమాట. అందువల్ల మీ 29కి ఒక కంపెనీలో 34, మరొక కంపెనీలో 32 సరిపోవచ్చు. 36 మాత్రం ఏ లెక్కలోనూ మీది కాదు.

కప్పు విషయంలో మొదటి పట్టిక మీకు తక్కువ చూపిస్తున్నది. బ్యాండు మారినప్పుడు అక్షరం విలువ కూడా మారుతుందని గుర్తుంచుకోవాలి. 34డి కప్పులో పట్టేంత నిండుదనమే 32డీడీలోనూ, 36సిలోనూ ఉంటుంది. బ్యాండు ఒక మెట్టు దిగితే అక్షరం ఒక మెట్టు ఎక్కాలి. డి అంటే చాలా పెద్దదని మనలో ఒక భయం ఉంది. 32డి కప్పూ 36బి కప్పూ సమానమని తెలిస్తే ఆ భయం పోతుంది. మీరు 34సి, 34డి, 32డీడీ మూడూ వేసి చూడండి.

ఇంట్లోనే చేయగలిగిన పరీక్ష ఒకటి ఉంది. మీ పాత బ్రా హుక్కులు విప్పి, బల్ల మీద పరిచి, బ్యాండు ఈ చివర నుంచి ఆ చివరకు ముందు మామూలుగా, తరువాత రెండు చేతులతో పూర్తిగా సాగదీసి కొలవండి. మీ 29 అంగుళాలు ఈ రెండు కొలతల నడుమ, సాగిన కొలతకు కొంచెం దగ్గరగా పడాలి. మామూలుగా ఉన్నప్పుడే 29 దాటి ఉంటే ఆ బ్యాండు మిమ్మల్ని అసలు పట్టుకోవడం లేదు.

లెస్టర్_తెలుగమ్మాయి (లెస్టర్, బ్రిటన్)

కొలబద్ద గారి మాటకు చిన్న చేర్పు. అక్షరాలు దేశాన్ని బట్టి మారతాయి. బ్రిటన్‌లో డీ తరువాత డీడీ, ఆ తరువాత ఇ. అమెరికాలో డీడీ తరువాత డీడీడీ అంటారు. ఇక్కడి 30ఇ అక్కడి 30డీడీడీ అవుతుంది. భారతదేశంలో రెండు లెక్కలూ కలగలిసి అమ్ముతారు కనుక డీ దాటిన తరువాత చీటీ మీద ఏ దేశపు కొలతో చూసి తీసుకోండి. ఇక్కడ పెద్ద దుకాణాలలో కొలత తీసే ఆడవాళ్ళు ఉంటారు, తెర చాటున వేసుకుని చూడనిస్తారు. వారు చెప్పినదాన్ని కూడా అద్దంలో సరిచూసుకున్నాకే కొనడం మంచిది.

గౌతమీతీరం (రాజమహేంద్రవరం)

కొలబద్ద గారూ, పాత బ్రా కొలిచాను. సాగదీయకుండానే 30 అంగుళాలు ఉంది! ఇంత స్పష్టంగా ఇంతవరకు నాకు ఎవరూ చెప్పలేదు, కృతజ్ఞతలు. అయితే వేసి చూడడం ఎలాగన్నదే సమస్య. నేను ఎప్పుడూ కొనే దుకాణంలో కౌంటరు వెనుక మగవాళ్ళే ఉంటారు. బట్టలు మార్చుకునే గది ఉంది కాని లోదుస్తులు వేసి చూడనివ్వరు. పెట్టె మీద బొమ్మ చూసి, కాగితంలో చుట్టించుకుని రావడమే అలవాటు.

సాగరతీర (విశాఖపట్నం)

మీ ఇబ్బంది మా అందరిదీ. మా డాబాగార్డెన్స్‌లో కానివ్వండి, మీ మెయిన్ రోడ్డులో కానివ్వండి, ఆడవాళ్ళు నడిపే చిన్న లోదుస్తుల దుకాణాలు ఒకటో రెండో ఉంటాయి, వెతికితే దొరుకుతాయి. అక్కడ రద్దీ లేని వేళ, అంటే పగలు పదకొండు పన్నెండు ప్రాంతంలో వెళ్ళి అడిగితే చాలామంది పలుచని బనియను మీద వేసి చూడనిస్తారు. అడగడానికి సిగ్గుపడవద్దు. వెయ్యి రూపాయల చెప్పులు కొనేటప్పుడు నాలుగు జతలు వేసి నడిచి చూస్తాం, రోజుకు పన్నెండు గంటలు ఒంటిని అంటిపెట్టుకుని ఉండేదానికి ఆ మాత్రం హక్కు మనకు ఉండదా?

ఆన్‌లైన్‌లో కొనేటట్లయితే ముందు వాపసు నిబంధన చదవండి. లోదుస్తులు వెనక్కి తీసుకోమని కొందరు, చీటీ తెంచకపోతే తీసుకుంటామని కొందరు రాస్తారు. తీసుకునేవారి దగ్గర పక్కపక్క కొలతలు రెండు మూడు తెప్పించుకుని, ఇంట్లో తలుపు వేసుకుని తీరిగ్గా చూసుకోవచ్చు.

వేసుకునే పద్ధతి కూడా ముఖ్యం. కొత్తదాన్ని చివరి హుక్కుకు, అంటే అన్నిటికంటే వదులుగా ఉండే వరుసకు పెట్టండి. వాడుతున్నకొద్దీ ఎలాస్టిక్ సాగుతుంది, అప్పుడు లోపలి వరుసలకు జరుపుకోవడానికే ఆ మూడు వరుసలూ ఉన్నాయి. కొత్తలోనే లోపలి వరుసకు పెడితే తప్ప బిగువు రాలేదంటే బ్యాండు పెద్దది. తరువాత నడుము నుంచి ముందుకు వంగి, చంక వైపు ఉన్న కండను కూడా అరచేత్తో కప్పులోకి చేర్చుకుని, నిటారుగా నిలబడి చూడండి. చాలామందికి అప్పుడే కప్పు చిన్నదని తెలుస్తుంది. పై అంచు దగ్గర రొమ్ము రెండుగా విడినట్టు ఉబ్బితే కప్పు చాలలేదు. కప్పు కింద వైరు ఉన్నదైతే ఆ వైరు రొమ్మును చుట్టి పక్కటెముకల మీద ఆనాలి, రొమ్ము మీద ఎక్కకూడదు. రెండు కప్పుల మధ్యనున్న ముక్క ఛాతీకి అంటి ఉండాలి. బ్యాండు కింద రెండు వేళ్ళు దూరితే చాలు, పిడికిలి దూరకూడదు. మీరు కాబట్టి చెబుతున్నాను, చివరగా బోర్డు మీద రాస్తున్నట్టు చెయ్యెత్తి చూడండి.

సూదీదారం (చీరాల)

అమ్మా, నేను ఇరవై ఏళ్ళకు పైగా జాకెట్లు కుడుతున్నాను. బ్రా గురించిన చర్చలో టైలరుకు ఏం పని అనుకోవద్దు, చీర కట్టేవారికి ఈ రెండూ విడదీయరానివి.

మీరు చీరకు, చుడీదార్‌కు వేరువేరు రకాలు కావాలా అని అడిగారు. నా అభిప్రాయం చెబుతాను. జాకెట్టు ఒంటికి అతికినట్టు ఉండే బట్ట. డాటు (ఆకారం కోసం గుడ్డను మడిచి మొనదేలేలా వేసే కుట్టు) మొన రొమ్ము మొన వైపుకు తిన్నగా రావాలి. నేను భుజం మీది నుంచి రొమ్ము మొన వరకు, రెండు మొనల మధ్య దూరం, అక్కడి నుంచి కింది పట్టీ వరకు విడిగా కొలుస్తాను. వదులైన పాత బ్రా వేసుకుని వచ్చి కొలతలిస్తే ఆ మొన కిందికి ఉంటుంది. అదే మనిషి సరైన బ్రా వేసుకుంటే మొన ఒక అంగుళం, ఒక్కొక్కరికి ఇంకా ఎక్కువ పైకి వస్తుంది. అప్పుడు జాకెట్టులో డాటు మొన రొమ్ము కింద ఉండిపోతుంది, అక్కడ గుడ్డ ముడతపడి ఖాళీగా కనిపిస్తుంది, పైన మాత్రం బిగుసుకుని హుక్కుల నడుమ సందు విడుతుంది. ‘టైలరు పాడుచేసింది’ అంటారు. కుట్టు బాగానే ఉంటుంది. కొలిచిన నాటి శరీరాకృతి వేరు, వేసుకున్న నాటిది వేరు. అందుకే కొలతలకు వచ్చేవారికి నేను ముందే చెబుతాను, ఆ జాకెట్టులో ఏ రకం బ్రా వేసుకుంటారో అదే వేసుకుని రమ్మని.

క్రాస్ కటింగ్ (గుడ్డను ఐమూలగా కత్తిరించి కుట్టే) జాకెట్టుకూ కటోరీ (రొమ్ము మీద గిన్నెలాంటి ముక్క అతికే) జాకెట్టుకూ కుట్లు ఉన్న, దూది అట్ట లేని నూలు బ్రా చాలా బాగా కుదురుతుంది. కప్పు రెండు మూడు ముక్కలుగా కలిపి కుట్టినది తీసుకోండి. ఆ కుట్లే రొమ్మును కింది నుంచి ఎత్తి పట్టుకుంటాయి. పిల్లలకు పాలిచ్చిన తరువాత పై భాగం కొంత మెత్తబడుతుంది కదా, అటువంటివారికి అచ్చులో పోసినట్టు గట్టిగా ఉండే కప్పు పై అంచు దగ్గర విడిపోయి నిలబడుతుంది. దానిని చూసి కప్పు పెద్దదైందని చిన్న కప్పు కొంటారు. అప్పుడు పక్కల నుంచి పొంగుతుంది. తేడా ఆకారంలో ఉంది, కొలతలో కాదు. కుట్లున్న మెత్తని కప్పు ఒంటిని బట్టి తన ఆకారం మార్చుకుంటుంది. అయితే పలుచని సాగే గుడ్డతో చేసిన కుర్తీల కింద ఈ కుట్లు గీతలుగా కనిపిస్తాయి, వాటికి అతుకు లేని నున్నటి కప్పున్న టీషర్టు బ్రా మేలు. అంటే మీకు రెండు రకాలు అవసరమే.

వెనుక లోతు మెడ కోరేవారు బ్రా బ్యాండు వెడల్పు చూపించి కొలత ఇవ్వాలి. మరీ లోతైతే జాకెట్టులోనే కప్పులు పెట్టి కుట్టమంటారు. పెళ్ళిలో ఒక పూటకు పరవాలేదు కాని, నిండైన రొమ్ములున్నవారికి రోజువారీగా అది ఆసరా ఇవ్వదు. జాకెట్టు నూలుగుడ్డకు ఎలాస్టిక్ పట్టు ఎక్కడి నుంచి వస్తుంది? స్ట్రాపు భుజం మీది నుంచి జారి బయటికి కనిపిస్తుందన్న బెంగ ఉన్నవారికి జాకెట్టు భుజం కుట్టు లోపల ఒక చిన్న పట్టీ వేసి టిచ్ బటన్ పెడతాను. స్ట్రాపును దాని కిందికి చేర్చి నొక్కేస్తే రోజంతా కదలదు. ఏ టైలరును అడిగినా ఐదు నిమిషాల పని.

మల్లెపందిరి (నెల్లూరు)

నాదొక ప్రశ్న. మా అమ్మాయి ఆరో తరగతి. తెల్ల యూనిఫారం చొక్కా. ఈ మధ్య బడికి వెళ్ళేటప్పుడు పుస్తకాల సంచి ముందుకు వేసుకుని నడుస్తున్నది, ఆటల పీరియడుకు రానంటున్నదని టీచరు చెప్పారు. షిమ్మీ సరిపోతుందా, బ్రా ఎప్పుడు మొదలుపెట్టాలి? మా అత్తగారు ఇంకా తొందరేమిటంటున్నారు.

పరుగుదారి (గుంటూరు)

మల్లెపందిరి గారూ, నేను వ్యాయామ ఉపాధ్యాయినిని. మీ అమ్మాయి నోటితో అడగకపోయినా సంచితో అడుగుతున్నది. ఆడపిల్లలకు ఎనిమిది నుంచి పదమూడేళ్ళ మధ్య ఎప్పుడైనా రొమ్ములు పెరగడం మొదలవుతుంది. వయసును బట్టి కాక పిల్ల అవసరాన్ని బట్టి మొదలుపెట్టండి. ముందుగా వైరు లేని, మెత్తటి నూలు బిగినర్స్ బ్రా, రెండు పొరల గుడ్డ ఉన్నది తీసుకోండి. తెల్ల చొక్కా కింద తెల్ల బ్రా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, పిల్ల ఒంటి రంగుకు దగ్గరగా ఉన్నది కనిపించదు. ఈ చిన్న సంగతి తెలియక ఎంతమంది పిల్లలు ఎండలో చొక్కా కింద రెండేసి షిమ్మీలు వేసుకుని ఉడికిపోతున్నారో నేను రోజూ చూస్తున్నాను. కొన్నేళ్ళ పాటు కొలత మారుతూనే ఉంటుంది కనుక ఒకేసారి అరడజను కొనకండి.

ఆటలకు స్పోర్ట్స్ బ్రా వేరే ఉండాలి. 1977లో అమెరికాలోని వెర్మాంట్‌లో లీసా లిండాల్ అనే పరుగు ప్రియురాలు, దుస్తులు కుట్టే స్నేహితురాలు పాలీ స్మిత్‌తోనూ, హిండా మిల్లర్‌తోనూ కలిసి మొదటి జాగింగ్ బ్రా తయారుచేసింది. పరుగెత్తేటప్పుడు మామూలు బ్రా స్ట్రాపులు జారడం, రొమ్ములు ఊగి నొప్పి పుట్టడం ఆమెను విసిగించాయి. చిన్న రొమ్ములకు ఛాతీకి అదిమి పట్టే రకం చాలు. నిండుగా ఉన్నవారికి రెండు రొమ్ములనూ వేరువేరు కప్పులలో పట్టి ఉంచే రకం కావాలి. ఉన్న చోటనే నాలుగు సార్లు గెంతి చూస్తే సంగతి తెలిసిపోతుంది. అయితే అదిమి పట్టేదాన్ని రోజంతా వేసి ఉంచవద్దు, ఆట అయిపోగానే చెమట బట్ట మార్పించండి.

తెల్లకోటు (తిరుపతి)

నేను వైద్యురాలిని. ఇక్కడ అందరూ మంచి విషయాలు చెబుతున్నారు, వైద్యపరంగా కొన్ని జోడిస్తాను.

మన వేసవిలో, ముఖ్యంగా కోస్తా ఉక్కపోతలో, రొమ్ముల కింది మడతలో చెమట నిలిచి ఎర్రగా ఒరుసుకుపోవడం, దురద, ఫంగస్ చాలా సాధారణం. వదులైన బ్రా రొమ్మును ఎత్తి పట్టదు కనుక చర్మం చర్మానికి రాసుకుంటూనే ఉంటుంది, మరీ బిగుతైనది గాలి ఆడనివ్వదు. మా దగ్గరికి వచ్చేవారిలో చాలామంది మందుల షాపులో అడిగి స్టెరాయిడ్ కలిసిన క్రీము రాసుకుని, తగ్గినట్టే తగ్గి మళ్ళీ రెండింతలై వచ్చాక వస్తారు. దయచేసి అలా చేయకండి. స్నానం తరువాత ఆ మడతను పూర్తిగా ఆరనిచ్చి నూలు బ్రా వేసుకోండి, తగ్గకపోతే చర్మవైద్యులకు చూపించండి. ఇంకొక మాట మనసులో నుంచి చెబుతున్నాను: బ్రాలను లంగా కిందో తువ్వాలు కిందో దాచి ఆరేయడం మన ఇళ్ళలో మర్యాదగా మారింది. సగం తడితో మరునాడు వేసుకుంటే ఫంగస్ వచ్చే అవకాశం పెరుగుతుంది. గాలి తగిలే చోట బాహాటంగా ఆరేసుకోనివ్వని ఇంట్లో మందులు ఎన్ని రాసినా లాభం ఉండదు.

వైరు బ్రా వల్ల, నల్ల బ్రా వల్ల, రాత్రి వేసుకుని పడుకోవడం వల్ల రొమ్ము క్యాన్సర్ వస్తుందని వాట్సాప్‌లో తిరిగే సందేశాలకు ఆధారం లేదు. సియాటిల్‌లోని ఫ్రెడ్ హచిన్సన్ క్యాన్సర్ పరిశోధన కేంద్రం వారు 2014లో ప్రచురించిన అధ్యయనంలో నెలసరి ఆగిపోయిన స్త్రీలను పరిశీలించి, కప్పు పరిమాణం, వైరు, రోజుకు ఎన్ని గంటలు వేసుకుంటారన్నవాటిలో దేనికీ క్యాన్సర్‌తో సంబంధం కనిపించలేదని తేల్చారు. ఒక రొమ్ము మరొకదానికంటే కొంచెం పెద్దగా ఉండడం సహజం; పెద్దదానికి సరిపోయే కప్పు తీసుకుని, రెండో వైపు స్ట్రాపు కొంచెం బిగించుకోండి. కాని ఇదివరకు లేని తేడా కొత్తగా వచ్చినా, గడ్డ తగిలినా, చర్మం సొట్టపడినా, చనుమొన నుంచి రక్తం కారినా ఆలస్యం చేయవద్దు. పాలిచ్చే తల్లులు రొమ్మును నొక్కే గట్టి బ్రాలు మానాలి, పాలు ఒకచోట గడ్డకట్టే ప్రమాదం ఉంది. ఎనిమిదో నెలలో కొనే నర్సింగ్ బ్రా కప్పులో కొంచెం చోటు మిగిలి ఉండాలి.

శారదమ్మ (కరీంనగర్)

నాకు అరవై ఎనిమిదేళ్ళు. మా కాలంలో బాడీలు ఇంట్లోనే కుట్టుకునేవాళ్ళం. షుగరు వల్ల కుడి భుజం బిగుసుకుపోయి చెయ్యి వెనక్కి పోవడం లేదు. హుక్కు పెట్టడానికి రోజూ కోడలిని పిలవాలంటే మనసు ఒప్పక అసలు వేసుకోవడమే మానేశాను. దానితో వీపు నొప్పి ఎక్కువైంది. నా బోటివారికి ఏమైనా ఉపాయం ఉందా?

కొలబద్ద (హైదరాబాద్)

శారదమ్మ గారూ, నమస్కారం. మీకు ముందు హుక్కులున్న బ్రా సరిగ్గా పనికివస్తుంది. చొక్కా తొడిగినట్టు ముందుగా నొప్పి ఉన్న చేతిని దూర్చి, తరువాత రెండోది దూర్చి, ముందువైపు హుక్కులు పెట్టుకోవచ్చు. తీసేటప్పుడు ముందు మంచి చెయ్యి, తరువాత నొప్పి చెయ్యి. హుక్కులు చిన్నవిగా కాక పెద్దవిగా, అందుబాటులో ఉన్నవి చూడండి. ముందు హుక్కులున్న చాలా రకాలలో బిగువు సర్దుకోవడానికి ఒకే వరుస ఉంటుంది కనుక బ్యాండు కొలత మొదటే కచ్చితంగా ఉండాలి. స్ట్రాపులు వెడల్పైనవి, వైరు లేనిది తీసుకోండి.

తులసికోట (ఖమ్మం)

నా మాట కూడా చేర్చనివ్వండి. రొమ్ము క్యాన్సర్‌కు శస్త్రచికిత్స జరిగి నాకు ఎడమ రొమ్ము తీసేశారు. ఆ వైపు కప్పులో చేతిరుమాళ్ళు మడిచి పెట్టుకుని తిరిగాను, అవి జారిపోతాయి, బరువు లేక బ్రా ఒకవైపుకు ఎక్కుతుంది. ఇటువంటివారి కోసం కప్పు లోపల జేబులా కుట్టిన బ్రాలు ఉన్నాయి, ఆ జేబులో సిలికాన్‌తోనో నూలుతోనో చేసిన కృత్రిమ రొమ్మును పెట్టుకోవచ్చు. ఈ సంగతి ఆసుపత్రిలో నాకు ఎవరూ చెప్పలేదు. గాయం పూర్తిగా మానేవరకు నూలుది, తరువాత డాక్టరు సరేనన్నాక రెండో రొమ్ము బరువుకు దగ్గరగా ఉండే సిలికాన్‌ది. మీ ఇంట్లోనో, వీధిలోనో ఇలాంటి మనిషి ఉంటే ఈ ఒక్క మాట చెప్పండి. మామూలు బ్రాకే టైలరు చేత లోపల నూలు జేబు కుట్టించుకోవచ్చు కూడా.

సూదీదారం (చీరాల)

తులసికోట గారూ, చంక వైపు జేబు నోరు తెరిచి ఉంచి, మెత్తటి మల్లు గుడ్డతో, కుట్టు మడత చర్మానికి తగలకుండా కప్పు వైపుకు తిప్పి కుట్టించుకోండి. మచ్చ మీద కుట్టు గరుకు తగిలితే భరించలేరు.

గౌతమీతీరం (రాజమహేంద్రవరం)

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. సాగరతీర గారు చెప్పినట్టు వెతికితే మా ఊళ్ళోనే తల్లీకూతుళ్ళు నడిపే ఒక చిన్న దుకాణం దొరికింది. పలుచని బనియను మీద తీరిగ్గా చూడనిచ్చారు. 34సి కప్పు పై అంచు దగ్గర కోసింది. 32డీడీ వారి దగ్గర లేదు. 34డి కుట్లున్న నూలుది, చివరి హుక్కుకు పెట్టినప్పుడు బ్యాండు సరిగ్గా నిలిచింది. దుకాణంలోనే గోడ మీద రాస్తున్నట్టు చెయ్యెత్తి చూస్తే ముందు అంచు కదలలేదు. కుర్తీల కోసం మరొక కంపెనీ టీషర్టు బ్రా ఆన్‌లైన్‌లో తెప్పిస్తే దానిలో మాత్రం 32డీడీయే కుదిరింది. కొలబద్ద గారు చెప్పింది అక్షరాలా నిజమైంది. ఆరు పీరియడ్ల తరువాత కూడా భుజాల మీద గాడులు లేవు, మెడ నొప్పి బాగా తగ్గింది.

ఒక సందేహం మిగిలింది, సూదీదారం గారిని అడగాలి. మీరు హెచ్చరించినట్టే నా పాత జాకెట్లన్నీ ఇప్పుడు రొమ్ము కింద ముడతపడుతున్నాయి, పైన బిగుసుకుంటున్నాయి. వీటిని బాగుచేయించుకోవచ్చా, కొత్తవి కుట్టించుకోవలసిందేనా?

సూదీదారం (చీరాల)

చాలావరకు బాగుచేయించుకోవచ్చమ్మా. జాకెట్టు తిరగేసి, పక్క కుట్ల లోపల ఎంత గుడ్డ వదిలారో చూడండి. ముప్పావు అంగుళం ఉంటే రెండు పక్కలా విప్పి ఛాతీ దగ్గర వదులు చేయవచ్చు. కింది నుంచి వచ్చే డాటు విప్పి, మొనను పైకి జరిపి మళ్ళీ కుట్టాలి. కొత్త బ్రా వేసుకుని, జాకెట్టు తొడిగి, రొమ్ము మొన దగ్గర సుద్దతో గుర్తు పెట్టించుకుంటే డాటు మొన అక్కడికి అర అంగుళం కిందనే ఆగాలి. పాత కుట్టు గీత నూలు గుడ్డ మీద ఒకటి రెండు ఉతుకులకు పోతుంది, పట్టు మీద ఉండిపోతుంది కనుక పట్టు జాకెట్లకు డాట్లు కదపకుండా పక్కలు మాత్రమే వదులు చేయించండి. కటోరీ జాకెట్లలో గిన్నె ముక్క అతుకే రొమ్ము మీద ఉంటుంది, అది ఒక అంగుళం కిందికి ఉంటే విప్పి లాభం లేదు, వాటిని పాత బ్రాలతో పాటే పక్కన పెట్టండి. కొత్తవి కుట్టించేటప్పుడు పాత జాకెట్టును ఆది ఇవ్వకుండా ఒంటి మీద కొలతలు తీయించుకోండి.